పక్కింటి పులిహోర, మన ప్రార్థన: హైదరాబాద్‌లో విశ్వాసిగా బతకడం ఎలా?

తార్నాకలో మేం అద్దెకు దిగిన మొదటి ఏడాది. వినాయక చవితి నాడు పై ఫ్లోర్ ఆంటీ స్టీల్ గిన్నెలో పులిహోర, మూత మీద రెండు ఉండ్రాళ్లు పెట్టుకుని వచ్చింది. నేను తలుపు సగమే తీసి, "మేం క్రిస్టియన్స్ అండీ, ఇలాంటివి తినం" అన్నాను. "అయ్యో, తెల్వలే బిడ్డా" అంటూ ఆవిడ గిన్నె మీద కొంగు కప్పుకుని మెట్లెక్కి పోయింది. తలుపు వేశాక ఏదో గెలిచినట్టు అనిపించింది నాకు. విశ్వాసంలో గట్టిగా నిలబడ్డాను కదా మరి! కానీ ఆ నెలలో నేను బైబిలు తెరిచింది ఆదివారాలు చర్చిలో మాత్రమే. ఇంట్లో అది ఫ్రిజ్ మీద, కరెంటు బిల్లుల కింద ఉంది.

ఆ తర్వాత ఎనిమిది నెలలు లిఫ్టులో ఎదురైతే ఆవిడ ఫోన్‌లోకి చూసుకునేది.

చదవని బైబిలుకీ సగం తీసిన తలుపుకీ సంబంధం ఉందని అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది. లోపల ప్రార్థన ఎండిపోతే, మనం క్రైస్తవులమని మనల్ని మనం నమ్మించుకోవడానికి 'అది తినం, అక్కడికి రాం, ఇది ముట్టుకోం' అనే లిస్టు ఒక్కటే మిగులుతుంది. అందుకే ముందు ఇంట్లో చేయాల్సిన పని చెబుతాను, గుమ్మం దగ్గర పని తర్వాత. వరస మారిస్తే నా పులిహోర కథే మీకూ అవుతుంది.

ముందు ఇరవై నిమిషాలు

డిసెంబర్ 31 రాత్రి వాచ్ నైట్ సర్వీస్ నుంచి ఇంటికొస్తూ "ఈ ఏడాది రోజూ నాలుగింటికి లేచి ప్రార్థన చేస్తా" అనుకోని విశ్వాసి ఉండడు. సంక్రాంతి వచ్చేసరికి ఆ తీర్మానం పతంగితో పాటే తెగిపోతుంది. నాలుగు గంటల సంగతి వదిలేయండి. మీరు మామూలుగా లేచే టైమ్‌కి ఇరవై నిమిషాలు ముందు లేవండి. ఫోన్ వేరే గదిలో ఛార్జింగ్‌కి పెట్టండి. బైబిలు యాప్‌లో కాకుండా పుస్తకంలో చదవండి. యాప్ తెరిచిన వేలు వాట్సాప్ తెరవకుండా ఉండదు, నా వేలి సంగతి నాకు తెలుసు.

మార్కు సువార్తతో మొదలుపెట్టండి. పదహారు అధ్యాయాలే, రోజుకొకటి చొప్పున పదహారు రోజులు. పధ్నాలుగో అధ్యాయం పొడవు, 72 వచనాలు, దాన్ని ఆదివారానికి ఉంచుకోండి. పైకి చదవండి. మన పాత తెలుగు బైబిలు 'యొద్దకు', 'నిమిత్తము', 'చేయుదురు' అనే గ్రాంథికంలో ఉంటుంది. కళ్లతో చదివితే బరువుగా ఉండే ఆ మాటలు నోటితో చదివితే తేలిగ్గా సాగుతాయి. అయినా అర్థం కాకపోతే వాడుక భాషలో వచ్చిన అనువాదం పక్కన పెట్టుకోండి, అందులో నామోషీ ఏమీ లేదు. చదివాక నోట్‌బుక్‌లో ఒక్క వాక్యం రాయండి. 'ఈరోజు యేసు ఎవరిని ముట్టుకున్నాడు?' అన్న ప్రశ్నకు జవాబు రాసినా చాలు.

మార్కు అయ్యాక బైబిల్లోనే ఉన్న కీర్తనలు. మొత్తం 150, రోజుకు ఐదు చొప్పున నెలలో పూర్తవుతాయి. 119వ కీర్తనలో 176 వచనాలున్నాయి కాబట్టి దానికి విడిగా ఒక రోజు ఇవ్వండి. ఇవి నేను ఆఫీసుకు వెళ్తూ మెట్రోలో చదువుతాను. తార్నాక నుంచి రాయదుర్గం దాకా దాదాపు ముప్పావు గంట పడుతుంది. దావీదు ఎంత కోప్పడ్డాడో, ఎంత ఏడ్చాడో, ఎలా దేవుణ్ని నిలదీశాడో చూస్తే మన ప్రార్థనలు ఎంత పైపైన ఉన్నాయో తెలుస్తుంది. నాకైతే ప్రార్థనలో నిజం మాట్లాడటం అలవాటైంది అక్కడే. "ప్రభువా, మేనేజర్ మీద నాకు అసూయగా ఉంది" అని చెప్పడానికి గ్రాంథికం అక్కర్లేదు.

రాత్రి కుటుంబ ప్రార్థన పది నిమిషాలు దాటనివ్వకండి. నాన్న ప్రార్థన ఎప్పుడు అయిపోతుందా అని పిల్లలు ఒంటికన్నుతో చూసే ఇంట్లో భక్తి పెరగదు. ఒక పాట, నాలుగు వచనాలు, ఇద్దరి కోసం పేరు పెట్టి ప్రార్థన. ఆ ఇద్దరిలో ఒకరు మీ బిల్డింగ్‌లో మనిషి అయి ఉండాలి. వాచ్‌మన్ కూతురి ఇంటర్ పరీక్షలైనా సరే. రోజూ పేరు పెట్టి ప్రార్థించిన మనిషి మీద లిఫ్టులో మొహం చిట్లించుకోవడం కష్టం.

పాట విషయంలో ఒక మాట. కొత్త పాటలు వద్దనను, కానీ చర్చిలో పాడే పాత తెలుగు కీర్తనలు కనీసం పది కంఠతా నేర్చుకోండి. అలాంటి కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి 1803లో పుట్టి 1890 దాకా బతికారు. క్రీస్తు గురించి తెలుగు ఛందస్సులో, మన రాగాల్లోనే పాడుకున్నారు. పాత కీర్తనల పుస్తకంలో పాట నెత్తిన రాగం, తాళం పేర్లు అచ్చు వేసి ఉంటాయి, చూడండి. మా చర్చిలో ఆర్గాన్ వాయించే తాతగారు మాత్రం అన్నీ ఒకే తాళంలో లాగిస్తారు, అది వేరే సంగతి. "మీది ఫారిన్ మతం కదా" అని ఆఫీసులో ఎవరైనా అంటే కోపం తెచ్చుకోకుండా ఆ పాట ఒకటి పాడి వినిపించవచ్చు.

ఒకే చర్చి, ఒక పని

హైదరాబాద్‌లో ఆదివారం పొద్దున ఎక్కడికి కావాలంటే అక్కడికి వెళ్లొచ్చు. అబిడ్స్‌లో సెయింట్ జార్జ్, గన్‌ఫౌండ్రీలో సెయింట్ జోసెఫ్ కెథడ్రల్, సికింద్రాబాద్‌లో వెస్లీ, గోల్కొండ క్రాస్ రోడ్స్ దగ్గర భక్త్ సింగ్ గారి హెబ్రోను, మియాపూర్‌లో వేలమంది కూర్చునే కల్వరి టెంపుల్. ఇంట్లో సోఫా మీద యూట్యూబ్ ఉండనే ఉంది. దీంతో మనకు వాక్యం రుచి చూసి తిరిగే అలవాటు పట్టింది. ఈ వారం ఇక్కడ వర్షిప్ బాగుంటుంది, వచ్చేవారం అక్కడ మెసేజ్ బాగుంటుంది.

మీరు రాకపోతే "ఏమైంది, రాలేదు?" అని ఫోన్ చేసే మనిషి ఉన్న చోటికి వెళ్లండి. అది చిన్న సంఘమైనా పర్వాలేదు. అక్కడ స్టేజీకి దూరంగా ఉండే ఒక పని అడిగి తీసుకోండి: కుర్చీలు సర్దడం, చెప్పుల దగ్గర నిలబడటం, కూడిక అయ్యాక టీ గ్లాసులు కడగడం. రెండేళ్లు చేశాక ఎలా ఉందో చెప్పండి.

మాట దగ్గర జాగ్రత్త

మన నోట్లో అలవాటుగా దొర్లే కొన్ని మాటలు బయటివాళ్ల చెవిన పడితే ఎలా ఉంటాయో ఆలోచించం. 'అన్యులు' అన్నది అందులో మొదటిది. ప్రార్థన కూడికలో "అన్యుల మధ్య సాక్షులుగా వాడుకో ప్రభువా" అని మైకులో అంటాం. పక్క వాటాలో కూర్చుని వినే మనిషికి, నిన్న మీకు కొత్తిమీర ఇచ్చిన మనిషికి, తాను అన్యుడినని అప్పుడే తెలుస్తుంది. 'ఇరుగుపొరుగు' అనండి, 'స్నేహితులు' అనండి, పేరు పెట్టి పిలవండి. పిల్లలు బడి నుంచి వచ్చి "వాళ్ల దేవుడు రాయి" అంటే నవ్వకండి. ఆ మాట వాళ్లు ఎవరి దగ్గర నేర్చుకున్నారో ముందు కనుక్కోండి. మా ఇంట్లో కనుక్కుంటే నా దగ్గరే అని తేలింది.

అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం ఒకసారి నెమ్మదిగా చదవండి. ఏథెన్సు నిండా విగ్రహాలు చూసి పౌలు లోపల ఉడికిపోయాడు. కానీ నోరు తెరిచినప్పుడు వాళ్ల భక్తిని గుర్తిస్తూ మొదలుపెట్టాడు, వాళ్ల బలిపీఠం మీది మాటనే అందుకున్నాడు, వాళ్ల కవుల మాటలే ఎత్తి చెప్పాడు. పునరుత్థానం గురించి చెప్పాల్సింది మాత్రం ఒక్క ముక్క తగ్గించలేదు. విన్నవాళ్లలో కొందరు వెక్కిరించారు, కొందరు మళ్లీ వింటామన్నారు, కొందరు నమ్మారు. ఆయన వాళ్ల కవుల్ని చదివి ఉన్నాడన్నది గమనించండి. మన పక్కింటి పండగ ఎందుకు వచ్చిందో మనలో ఎంతమందికి తెలుసు?

అడగండి. బోనాలు ఎందుకు చేస్తారని నేను ఒకసారి లాల్‌దర్వాజా నుంచి వచ్చే కొలీగ్‌ని అడిగితే అరగంట చెప్పాడు. 1813లో జంట నగరాలను పట్టిన మహమ్మారితో ముడిపెట్టి చెప్పుకునే కథ ఉంది. ప్రాణాలు పోతాయన్న భయంతో మొక్కుకున్న మనుషుల కథ. 2020లో మేం ఇంట్లో మోకాళ్ల మీద ఉన్నప్పటి భయం కూడా అదే కదా అనిపించింది. నేను వాళ్లతో మొక్కలేదు, బోనం ఎత్తలేదు. కానీ ఆ రోజు ట్రాఫిక్ ఆగితే హారన్ కొట్టడం మానేశాను.

ముస్లిం పొరుగువాళ్ల విషయంలో మనకు తెలిసింది మరీ తక్కువ, ఒట్టి బిర్యానీ, హలీం దగ్గర ఆగిపోతాం. నేర్చుకోవాలని ఉంటే శివరాంపల్లిలో హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. 1930లో లాహోర్‌లో మొదలై తర్వాత మన నగరానికి వచ్చిన క్రైస్తవ సంస్థ, మతాల మధ్య సఖ్యత మీద పని చేస్తుంది. అంత వీలు లేకపోతే రంజాన్ నెలలో టీమ్ లంచ్ పెట్టకుండా చూడండి. ఇఫ్తార్‌కి పిలిస్తే వెళ్లండి, అజాన్ వినిపించేదాకా వాళ్లతో పాటు మీరూ ఖర్జూరం ముట్టకుండా కూర్చోండి. ఈస్టర్‌కి ముందు వచ్చే శ్రమకాలం నలభై రోజులూ నేను మానేసేది టీ ఒక్కటే. నీళ్లు కూడా ముట్టని వాళ్ల పక్కన కూర్చుంటే అదెంతో తెలిసొస్తుంది.

ప్రసాదం, చందా

అందరూ అడిగేది ఇదే, కాబట్టి కాస్త ఆగి చూద్దాం. మొదటి కొరింథీ పత్రిక 8 నుంచి 10 అధ్యాయాల్లో పౌలు మూడు సందర్భాలు విడదీశాడు. విగ్రహాల గుడిలో కూర్చుని తినడం: వద్దు. కటికవాని అంగడిలో అమ్మేది: ఏ విచారణా చేయకుండా తినవచ్చు. నమ్మనివాడు ఇంటికి భోజనానికి పిలిస్తే: వడ్డించింది తినండి, కానీ "ఇది బలి అర్పించింది" అని ఎవరైనా చెబితే, చెప్పినవాడి మనస్సాక్షి కోసం మానండి. ఇంత వివరంగా రాసిన ఆయన మాటల్ని మనం 'తినకూడదు' అనే ఒక్క ముక్కకు కుదించేశాం. చేతికిచ్చిన ప్రసాదం విషయంలో సంఘాల మధ్య తేడాలున్నాయి. నేను తీసుకోను. మా బావమరిది తీసుకుంటాడు, నాకన్నా మంచి విశ్వాసి. మీ పాస్టర్ గారితో మాట్లాడి మీరే తేల్చుకోండి, కానీ పండగకి ముందే తేల్చుకోండి. గుమ్మం ముందు గిన్నె పట్టుకుని మనిషి నిలబడ్డాక ఆలోచిస్తే నోటికొచ్చేది మొరటు మాటే.

తీసుకోకూడదని తేలితే, ఎలా కాదనాలో దానియేలు దగ్గర నేర్చుకోవాలి. బబులోనువాళ్లు పెట్టిన పేరు మోశాడు, వాళ్ల భాషా విద్యా నేర్చుకున్నాడు, వాళ్ల ఆఫీసులోనే పని చేశాడు. రాజు భోజనం దగ్గర మాత్రం ఆగాడు. అది కూడా ఎలా? పళ్లెం తోసేయలేదు. ముందే వెళ్లి అధికారిని అడిగాడు. తన వల్ల ఆ అధికారి తలకు ముప్పని తెలుసుకుని, "పది రోజులు శాకధాన్యాలు పెట్టి చూడండి" అని ఆయనకు ఇబ్బంది లేని దారి చూపించాడు.

కాబట్టి పండగకు వారం ముందు, ఖాళీగా ఉన్నప్పుడు, చెప్పండి. "ఆంటీ, మీ చేతి పులిహోర అంటే నాకిష్టం. దేవుడికి పెట్టింది మాత్రం మా నమ్మకం వల్ల తీసుకోలేను, ఏమనుకోకండి. పూజకి ముందు తీసిపెట్టింది ఉంటే గిన్నె నేనే తెచ్చుకుంటా." ఇలా చెబితే నొచ్చుకున్న మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. చెప్పకముందే ఎవరైనా ఇచ్చేస్తే రెండు చేతులతో అందుకుని, తినేవాళ్లకి ఇవ్వండి. చెత్తబుట్టలో మాత్రం వేయకండి. పొద్దున చెత్త తీసుకెళ్లే అమ్మాయి చూస్తుంది, మధ్యాహ్నానికి బిల్డింగ్ అంతా తెలుస్తుంది.

నా విషయంలో ఇది చక్కబడింది నా తెలివి వల్ల కాదు. మా నాన్నకి డెంగీ వచ్చి సికింద్రాబాద్‌లో ఆసుపత్రిలో ఉన్నప్పుడు, మూడో రాత్రి బట్టల కోసం ఇంటికొచ్చాను. పదకొండు దాటింది. పై ఫ్లోర్ ఆంటీ టిఫిన్ బాక్సు పట్టుకుని మెట్ల మీద నిలబడి ఉంది. నేను నోరు తెరిచేలోపే, "ఇది దేవునికి పెట్టింది కాదు బిడ్డా, ఒట్టి చారన్నమే" అంది. ఎనిమిది నెలల కిందటి నా మాటను ఆవిడ అంత జాగ్రత్తగా గుర్తుపెట్టుకుంది. గ్యాస్ స్టవ్ పక్కన నిలబడే తినేశాను. ఉప్పు ఎక్కువైంది, చారులోనా నా కళ్లల్లోంచా అన్నది మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది.

ఇక చందా. అసోసియేషన్ వాళ్లు రసీదు బుక్కుతో తలుపు కొట్టేదాకా ఆగకండి. ముందే సెక్రటరీ దగ్గరికి వెళ్లి, "పూజ ఖర్చు కాకుండా, నిమజ్జనం రోజు మంచినీళ్లూ మర్నాడు సెల్లార్ క్లీనింగూ మా వంతు" అని చెప్పండి. మిగతావాళ్లు ఇచ్చినదానికన్నా ఒక వంద ఎక్కువే పెట్టండి. మతం పేరు చెప్పి డబ్బులు మిగుల్చుకుంటున్నారన్న మాట రాకూడదు. నీళ్ల బాటిళ్లు మీరే పంచండి.

సౌండ్ బాక్సు

ఇది మనవాళ్లకి చేదుగా ఉంటుందని తెలుసు. గృహ కూడికలో ముప్పై మంది కూర్చునే హాల్లో రెండు నిలువెత్తు సౌండ్ బాక్సులు దేనికి? దేవుడికి వినపడుతుంది. వీధికి వినిపించాలన్నది మన ఉద్దేశమైతే, వీధి ఏమనుకుంటోందో కూడా వినాలి. శబ్ద కాలుష్య నియమాలు 2000లోనే వచ్చాయి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బహిరంగంగా లౌడ్‌స్పీకర్ వాడకూడదు. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 హద్దు. ఆసుపత్రికి, బడికి వంద మీటర్ల లోపు నిశ్శబ్ద మండలం. మిగతావాళ్లు పాటిస్తున్నారా అని మీరు అడుగుతారు. వాళ్ల సంగతి మనకెందుకు, మన బాక్సు మన చేతిలో ఉంది. కూడికకు ముందురోజు అటూ ఇటూ రెండు ఇళ్లకు వెళ్లి, "రేపు ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా ప్రార్థన, ఇబ్బందైతే ఫోన్ చేయండి" అని చెప్పి నంబర్ ఇవ్వండి. చెప్పిన టైమ్‌కి ముగించండి. ఈ చివరిది మన పాస్టర్లకు కష్టమే.

అడిగినప్పుడు

మీరు ఆప్యాయంగా ఉండి, వాళ్లను గౌరవిస్తే ఏదో ఒక రోజు ఎవరో అడుగుతారు. లంచ్ టేబుల్ దగ్గరో, చావు ఇంట్లోనో. ఆ రోజుకి రెండు నిమిషాల జవాబు సిద్ధంగా పెట్టుకోండి. అది వాదన అవనక్కర్లేదు, మీకు జరిగింది చెప్పండి. పేతురు కూడా మన నిరీక్షణకు, అంటే మన ఆశకు, కారణం అడిగితే సాత్వికంతో జవాబివ్వమన్నాడు. 'మారుమనస్సు', 'రక్షణ', 'అభిషేకం' లాంటి చర్చి మాటలు పక్కన పెట్టి చెప్పడం ముందు ఇంట్లో సాధన చేయండి. ఇది అనుకున్నంత సులువు కాదు, నేను మొదటిసారి పది సెకన్లలో ఆగిపోయాను.

ఎవరైనా జబ్బుతో ఉంటే "మీకు అభ్యంతరం లేకపోతే ప్రార్థన చేయొచ్చా?" అని అడగండి. వద్దంటే మంచం పక్కన ఊరికే కూర్చోండి, ప్లేట్‌లెట్స్ కావాలంటే వెతికిపెట్టండి. తగ్గుతుందని మాట ఇవ్వకండి, మాత్రలు ఆపమని పొరపాటున కూడా అనకండి. బియ్యం, ఫీజు, ఉద్యోగం లాంటి ఏ సాయాన్నీ చర్చికి రావడంతో ముడిపెట్టకండి. రాజ్యాంగం 25వ అధికరణ మత ప్రచార హక్కు ఇచ్చింది నిజమే. కానీ అవసరంలో ఉన్న మనిషి ముందు పెట్టిన షరతు ప్రచారం అవదు, బేరం అవుతుంది.

అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో వచనాలు ఫార్వర్డ్ చేయకండి. మతాల గొడవ మెసేజ్ వస్తే రాత్రిపూట జవాబు రాయకండి.

ఊరి మంచి

చెరలోకి పోయిన యూదులకు యిర్మీయా రాసిన ఉత్తరంలో, మీరున్న పట్టణం క్షేమం కోరండి, దాని కోసం ప్రార్థించండి అని ఉంది. మన పెద్దలు దీన్ని కట్టి చూపించారు. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చిని మిషనరీ చార్లెస్ పోస్నెట్ కరువు రోజుల్లో జనానికి పనీ తిండీ దొరికేలా కట్టించారు. అంతకు ముందు 1915లో డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ మొదలుపెట్టిన కుష్ఠు ఆసుపత్రికి డబ్బిచ్చినవాళ్లలో రాజా నర్సా గౌడ్ అనే హిందూ దాత ఉన్నారు. ఆయన దగ్గర సాయం తీసుకోవడానికి ఆ డాక్టరమ్మ విశ్వాసం అడ్డు రాలేదు. మీ వీధిలో ఏప్రిల్‌లో చలివేంద్రం పెడితే పక్క గుడి కమిటీని కూడా కుండలు తెమ్మని అడగండి. వాళ్లు పెడితే మీరు వెళ్లి నీళ్లు పోయండి.

ఇక క్రిస్మస్ ప్లేటు. కేకు కింద కరపత్రం దాచిపెట్టకండి. ఎవరికి ఏం పంపాలో ముందే రాసుకోండి. ముస్లిం ఇళ్లకు రమ్ లేని కేకు, మాంసం పంపితే హలాల్ షాపుది. శాకాహారులకు ఎగ్‌లెస్. గులాబీ పువ్వుల పిండిలో కూడా చాలా ఇళ్లలో గుడ్డు వేస్తారు, కాబట్టి వాళ్ల కోసం గుడ్డు లేకుండా ముందే ఒక వాయి తీసి పక్కన పెట్టాలి. గురువారం, శనివారం గుడ్డు ముట్టనివాళ్లు ఉంటారు, ఆ ఏడాది క్రిస్మస్ ఏ వారం వచ్చిందో క్యాలెండర్‌లో చూసుకోండి. మా పై ఫ్లోర్ ఆంటీది శనివారం. ఎగ్‌లెస్ కేకులు మాత్రం డిసెంబర్ 20 లోపే బేకరీలో చెప్పి పెట్టుకోండి, ఆ తర్వాత అడిగితే మా వైపు దొరకవు.